రాత్రి ఫ్లయిట్ల పైరెప్‌లే రిజెక్ట్ అవుతున్నాయి: తప్పు లాగర్‌దా, సర్వర్‌దా?

నైట్‌ఫ్లయర్

అందరికీ నమస్తే. నాది ఎంఎస్‌ఎఫ్‌ఎస్ 2020 (మైక్రోసాఫ్ట్ ఫ్లయిట్ సిమ్యులేటర్), ఏ320, మా వర్చువల్ ఎయిర్‌లైన్ (సిమ్‌లో ఎగిరేవాళ్ల ఉత్తుత్తి ఎయిర్‌లైన్) వాళ్లిచ్చిన లాగర్, అంటే ఫ్లయిట్ వివరాలు రాసుకుని పైరెప్ (పైలట్ రిపోర్ట్) పంపే ప్రోగ్రామ్. కొన్ని వారాలుగా ఒకటే గోల. గేటు దగ్గర ఆగి, ఇంజిన్లు ఆపి, "రిపోర్ట్ పంపు" నొక్కగానే "పంపడం విఫలమైంది" అని ఎర్రగా ఓ లైను వస్తుంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పదు.

విచిత్రం ఏంటంటే పగలు ఎగిరినవన్నీ శుభ్రంగా లాగ్‌బుక్‌లో పడుతున్నాయి. రాత్రి ఫ్లయిట్లకే ఈ గతి. నిన్న హీత్రో నుంచి మాడ్రిడ్ వెళ్లా, పోయింది. అక్కడినుంచే వెంటనే లిస్బన్‌కి ఇంకోటి వేశా, అది ఎక్కింది! అదీ రాత్రిదే కదా. నెట్ బాగానే ఉంది. రాత్రిపూట సర్వర్‌కి ఏమైనా మెయింటెనెన్స్ పెట్టుకుంటారా?

పుష్‌బ్యాక్737

ఎఫ్‌ఎస్‌యూఐపీసీ (సిమ్‌ని, లాగర్‌ని కలిపే ప్రోగ్రామ్) తీసేసి మళ్లీ వెయ్యి బ్రో. సిమ్, లాగర్ రెండూ అడ్మిన్‌గా రన్ చెయ్. యాంటీవైరస్‌లో లాగర్ ఫోల్డర్‌ని మినహాయించు. నాకు అలాగే సెట్ అయింది.

గ్లైడ్‌స్లోప్

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది. ముందు ఎక్కడ తెగిందో చూద్దాం.

సిమ్ నుంచి లాగర్‌కి ఒక దారి, లాగర్ నుంచి సర్వర్‌కి ఇంకోటి, సర్వర్ లోపల డేటాబేస్‌లోకి మూడోది. నైట్‌ఫ్లయర్ గారూ, ఎగురుతున్నంతసేపూ సైట్‌లోని లైవ్ మ్యాప్‌లో మీ విమానం కదిలిందా? కదిలి ఉంటే మొదటి రెండు దారులూ బాగున్నట్టే. అప్పుడు ఎఫ్‌ఎస్‌యూఐపీసీ జోలికి వెళ్లే పనే లేదు.

అడ్మిన్ సంగతి పుష్‌బ్యాక్ చెప్పింది ఒక కేసులో నిజమే. ఒకటి అడ్మిన్‌గా, ఇంకోటి మామూలుగా నడిస్తే విండోస్ ఆ రెండిటినీ మాట్లాడుకోనివ్వదు. కానీ అలాంటప్పుడు లాగర్ అసలు సిమ్‌నే పట్టుకోదు, ఫ్లయిట్ మొదలే కాదు. అంతా బాగా నడిచి ఆఖర్న ఆగడం ఆ జబ్బు లక్షణం కాదు.

ఇంకోటి. ఇప్పుడే లాగ్ ఫైలు కాపీ తీసి పక్కన పెట్టుకోండి. చాలా లాగర్లు కొత్త ఫ్లయిట్ మొదలవగానే పాతదాని మీదే రాసేస్తాయి. "పంపు" బటన్ పదేపదే నొక్కకండి. 504 లాంటిది వస్తే రిపోర్ట్ అవతల సేవ్ అయిపోయి జవాబు మాత్రమే మీకు చేరకపోయి ఉండొచ్చు. మళ్లీ పంపితే అదే ఫ్లయిట్ రెండుసార్లు పడుతుంది. ముందు లాగ్‌బుక్ చూసి ఆ తర్వాతే నొక్కండి.

నైట్‌ఫ్లయర్

మ్యాప్‌లో మాడ్రిడ్ గేటు దాకా కనిపించింది. లాగ్ ఫైలు దొరకడానికే చాలాసేపు పట్టింది. డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఎప్పుడో వన్‌డ్రైవ్ కిందకి వెళ్లిపోయింది, నేనేమో పాతచోటే వెతుకుతున్నా. అదృష్టం బాగుండి మా లాగర్ ఫెయిలైన ఫ్లయిట్లని వేరే పేరుతో దాచిపెడుతోంది. కావాల్సిన లైన్లు ఇవి:

22:50:14 పార్కింగ్ బ్రేక్ తీశారు
23:07:41 టేకాఫ్
01:02:09 టచ్‌డౌన్
01:10:38 పార్కింగ్ బ్రేక్ వేశారు
బ్లాక్ సెకన్లు: -77976
రిపోర్ట్ పంపుతోంది
సర్వర్ జవాబు: 422

గ్లైడ్‌స్లోప్

ఈ ఆఖరి మూడు లైన్లు చాలు.

422 అంటే సర్వర్ పడుకుందని కాదు. మీరు పంపింది చేరింది, సర్వర్ చదివింది, చదివాక "ఇందులో విషయం సరిగా లేదు" అని తిప్పి పంపింది. పాస్‌వర్డో, ఏపీఐ కీనో తప్పయితే 401 వచ్చేది. ఫైలు మరీ పెద్దదైతే 413. సర్వర్ లోపలే ఏదో విరిగితే 500. మీకు వచ్చింది వీటిలో ఏదీ కాదు.

సరిగా లేనిది ఏమిటో బ్లాక్ సెకన్ల లైన్లోనే ఉంది. బ్లాక్ టైమ్ (గేటు నుంచి గేటు దాకా పట్టిన సమయం) మైనస్! బయల్దేరడానికి 21 గంటల 39 నిమిషాల ముందే మాడ్రిడ్ చేరారు మీరు.

ఎలా వచ్చిందంటే, సిమ్‌కనెక్ట్‌లో (వేరే ప్రోగ్రామ్‌లు సిమ్ నుంచి డేటా తీసుకునే దారి) జులు టైమ్, అంటే యూటీసీ, అనే విలువ అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్ల లెక్క. 86,399 దాకా వెళ్లి మళ్లీ 0 నుంచి మొదలవుతుంది. 22:50:14 అంటే 82,214. 01:10:38 అంటే 4,238. లాగర్ రెండోదాంట్లోంచి మొదటిది తీసేసింది, -77,976 వచ్చింది. రోజు మారిందన్న సంగతి ఆ అంకెలో ఎక్కడా లేదు. దానికి 86,400 కలిపి చూడండి, 8,424 సెకన్లు వస్తాయి. అంటే 2 గంటల 20 నిమిషాలు, గేటు నుంచి గేటుకి మీకు నిజంగా పట్టిన టైమ్.

లిస్బన్ ఫ్లయిట్ ఎందుకు ఎక్కిందో ఇప్పుడు తెలిసిపోయుంటుంది. అది మొదలవడమే 00:00 దాటాక మొదలైంది. చీకటి, వెలుతురుతో దీనికి సంబంధం లేదు.

ఆల్టర్నేట్

లెక్క బాగానే ఉంది గానీ నాకు నమ్మకం కుదరట్లేదు. నాదీ అదే ఎయిర్‌లైన్, అదే లాగర్. ఆఫీసు, ఇల్లు అన్నీ అయ్యాక కూర్చుంటా కాబట్టి నా ఫ్లయిట్లు సగం అర్ధరాత్రి దాటేవే. ఒక్కటి కూడా రిజెక్ట్ కాలేదు.

గ్లైడ్‌స్లోప్

ఏ గడియారంలో అర్ధరాత్రి? మీ గోడ మీద ఉన్నదాంట్లోనా, జులులోనా? పైగా సిమ్‌లో టైమ్ లైవ్‌లో ఉంచుతారా, మీరే పెట్టుకుంటారా?

ఆల్టర్నేట్

సిమ్‌లో ఎప్పుడూ మధ్యాహ్నమే పెడతా. రాత్రి ల్యాండింగ్ మన వల్ల కాదు.

ఓ... అర్థమైంది. లాగర్ చూసేది కంప్యూటర్ గడియారాన్ని కాదన్నమాట.

క్రాస్‌విండ్

అయితే నా కథ కూడా ఇదే. ఆమధ్య దిగేటప్పుడు సూర్యాస్తమయం బాగుంటుందని సిమ్‌లోని టైమ్ స్లయిడర్‌ని 3 గంటలు ముందుకు జరిపా. గంటా 35 నిమిషాల ఫ్లయిట్‌కి లాగ్‌బుక్‌లో 4:35 పడింది. సర్వర్ కిమ్మనలేదు. నేనూ కిమ్మనలేదు :)

బ్లాక్‌టైమ్

క్రాస్‌విండ్, ఆ 3 గంటలు వెనక్కిచ్చెయ్ ముందు.

ఇదే గొడవ సిమ్ రేటుతోనూ (సిమ్‌లో కాలం నడిచే వేగం) ఉంది. 4ఎక్స్‌లో పెట్టి 8 గంటల క్రూజ్‌ని 2 గంటల్లో లాగిస్తే, సిమ్ గడియారం చూసే లాగర్ 8 రాస్తుంది, కంప్యూటర్ గడియారం చూసేది 2 రాస్తుంది. రెండోది నిజాయితీగా కనిపిస్తుంది గానీ అక్కడ ఇంధనం లెక్క తేడా కొడుతుంది. 8 గంటలకు సరిపడా కాలిపోయి ఉంటుంది కదా. రెండు గంటల్లో అంత ఎలా కాలిందని ఆటోమేటిక్ చెక్ పట్టేస్తుంది. అందుకే చాలా వర్చువల్ ఎయిర్‌లైన్లు టైమ్ యాక్సిలరేషన్‌నే వద్దంటాయి. నాకైతే అది సబబుగానే అనిపిస్తుంది. ఎక్కువ గంటలు కావాలంటే ఎక్కువసేపు కూర్చోవాలి.

రడ్డర్‌పెడల్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాదీ లాగర్ గోలే. బ్లాక్ టైమ్ బానే వస్తోంది, ల్యాండింగ్ రేటే ఘోరం. నిన్న వెన్నలా దించా, కప్పులో టీ కూడా కదల్లేదు. లాగర్ మాత్రం -724 (నిమిషానికి అడుగుల్లో) అంది. హార్డ్ ల్యాండింగ్ కింద పాయింట్లు కోసి, విమానాన్ని తనిఖీకి కూడా పంపేసింది.

ట్రిమ్‌వీల్

-724 అన్న అంకెని ఓసారి తేరిపార చూడండి. 3 డిగ్రీల గ్లైడ్‌పాత్‌లో 140 నాట్ల గ్రౌండ్ స్పీడ్‌తో దిగుతుంటే నిమిషానికి 740 అడుగుల చొప్పున దిగుతారు. 137 అయితే సుమారు 725. అంటే మీ లాగర్ రాసింది టచ్‌డౌన్ రేటు కాదు. ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు ఎత్తి దిగే వేగం తగ్గించడం) మొదలెట్టక ముందు అప్రోచ్‌లో ఉన్న రేటు. మీరు దించిన తీరుకీ దానికీ సంబంధం లేదు.

ఎందుకలా అంటే, కొన్ని లాగర్లు సెకనుకో, రెండు సెకన్లకో ఒకసారి మాత్రమే సిమ్‌ని అడుగుతాయి. "నేల మీద ఉన్నావా?" అన్నదానికి అవును అని వచ్చిన క్షణంలో, దాని ముందు అడిగినప్పుడు దొరికిన వర్టికల్ స్పీడ్‌ని రాసేసుకుంటాయి. ఫ్లేర్ మొత్తం నాలుగైదు సెకన్లే. పెద్ద ఎయిర్‌పోర్టులో రన్‌వే దగ్గరకొచ్చేసరికి ఫ్రేమ్‌రేట్ పడిపోయి సిమ్ ఒక్క కుదుపు కుదిపిందంటే ఆ నాలుగు సెకన్లలో లాగర్‌కి కొత్త విలువే దొరకదు.

సిమ్ దగ్గర టచ్‌డౌన్ కోసమే విడిగా ఒక విలువ ఉంది, టచ్‌డౌన్ నార్మల్ వెలాసిటీ అని. అది నేల తాకినప్పటిది. ఎఫ్‌ఎస్‌యూఐపీసీలోనూ దిగేటప్పటి రేటు చివరి విలువ నిలిచి ఉండే చోటు (ఆఫ్‌సెట్) ఒకటుంది. లాగర్ వాటిని చదివితే ఈ గోల ఉండదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ సిమ్ విలువని సెకనుకి అడుగుల్లో అడిగితే 60తో హెచ్చవేయాలి. 3 అని వస్తే నిమిషానికి 180 అన్నమాట. హెచ్చవేయడం మరిచిన లాగర్‌తో ఎగిరితే అందరూ -3తో దిగే మహానుభావులే అయిపోతారు.

మీ దగ్గర ఇప్పుడే చేసుకోగలిగింది: ఫ్రేమ్‌రేట్‌ని 30 దగ్గర లాక్ చేసి, దిగే ఎయిర్‌పోర్టులో ట్రాఫిక్ సెట్టింగ్ తగ్గించి ఒక ఫ్లయిట్ వెయ్యండి. అంకె మారిందంటే నేను చెప్పిందే కారణం. బౌన్స్ అయ్యారేమో కూడా చూసుకోండి. కొన్ని లాగర్లు మొదటి తాకుడు రాస్తాయి, కొన్ని ఆఖరిది, కొన్ని అన్నిట్లోకీ గట్టిది.

రడ్డర్‌పెడల్

బౌన్స్ లేదు సార్, రీప్లే చూశా. ఫ్రేమ్‌రేట్ మాత్రం మీరన్నట్టే 14కి పడిపోయింది అక్కడ. లాక్ చేసి చూస్తా.

ట్రిమ్‌వీల్

రీప్లే లాగర్ ఆన్‌లో ఉండగానే చూశారా? లాగర్ రీప్లే ఫ్లాగ్‌ని పట్టించుకోకపోతే అందులో కనిపించే ల్యాండింగ్‌ని కూడా ఇంకో ల్యాండింగ్ అనుకుంటుంది. రిపోర్ట్ వెళ్లాకే రీప్లే.

టాక్సీవే_బి

నాది 500. పైన గ్లైడ్‌స్లోప్ గారు 500 అంటే సర్వర్ లోపల విరిగిందన్నారు కదా, అంటే నేను చేయగలిగిందేమీ లేదా? అన్ని ఫ్లయిట్లకూ రాదు. ఎప్పుడు వస్తుందో కూడా పోలిక దొరకట్లేదు.

గ్లైడ్‌స్లోప్

రిమార్క్స్‌లో ఏం రాస్తారు?

టాక్సీవే_బి

ఏముంది, మామూలే. "వాతావరణం బాగుంది, 27ఎల్ రన్‌వే మీద దిగాం" అని తెలుగులోనే రాస్తా. బాగా దిగితే ఒక చప్పట్ల బొమ్మో, నవ్వే మొహమో.

గ్లైడ్‌స్లోప్

బొమ్మ పెట్టిన రోజులు, 500 వచ్చిన రోజులు పక్కపక్కన పెట్టి చూడండి.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పాత యూటీఎఫ్8 (అక్షరాల ఎన్‌కోడింగ్) సెట్టింగ్ ఉన్న టేబుల్ ఒక్కో అక్షరానికి 3 బైట్ల వరకే చోటిస్తుంది. తెలుగు అక్షరాలు సరిగ్గా 3 బైట్లే కాబట్టి ఇబ్బంది లేకుండా పడతాయి. చాలా ఎమోజీలకు 4 కావాలి. అక్కడ డేటాబేస్ ససేమిరా అంటుంది, రిపోర్ట్ మొత్తం పోతుంది. దీనికి మందు టేబుల్‌ని యూటీఎఫ్8ఎంబీ4కి మార్చడం, అది సిబ్బంది పని. అప్పటిదాకా బొమ్మలు మానండి.

టాక్సీవే_బి

చూశా. అంతే. ఒక్కటి కూడా తప్పలేదు. 😀 (ఇక్కడైతే పడుతోందిగా!)

లాగ్‌బుక్_సిబ్బంది

అందరికీ నమస్తే. నైట్‌ఫ్లయర్, ఆల్టర్నేట్, క్రాస్‌విండ్ వాడుతున్న లాగర్‌ని చూసుకునేవాళ్లలో నేనొకణ్ని. మీరు చెప్పిందే నిజం, కోడ్ చూశా. ఆఖరు టైమ్‌లోంచి మొదటి టైమ్ తీసేయడం తప్ప అందులో ఇంకేమీ లేదు. ఈ రాత్రికే సర్వర్‌లో ఒక లైను పెడుతున్నా: మైనస్ వస్తే 86,400 కలుపు. లాగర్ కొత్త వెర్షన్ ఎవరూ దించుకోనక్కర్లేదు.

బ్లాక్‌టైమ్

తొందరపడకండి సార్. అది నైట్‌ఫ్లయర్‌కి పనికొస్తుంది, క్రాస్‌విండ్‌ని కోటీశ్వరుణ్ని చేస్తుంది.

చూడండి. 16:00కి బయల్దేరాడు. మధ్యలో వెలుతురు కోసం స్లయిడర్ 3 గంటలు వెనక్కి లాగాడు. గంటా 35 నిమిషాలు ఎగిరి దిగేసరికి సిమ్‌లో 14:35. మైనస్ గంటా 25. ఇవాళైతే 422 వచ్చి ఆగిపోతుంది, అదే మంచిది. మీ లైను పెట్టాక 22 గంటల 35 నిమిషాలుగా మారి దర్జాగా లాగ్‌బుక్‌లోకి నడిచొస్తుంది. సింగపూర్–న్యూయార్క్ కూడా 19 గంటల లోపే ముగుస్తుంది కదా, ఏ320లో 22 గంటలేంటి?

లాగ్‌బుక్_సిబ్బంది

నిజమే. అయితే సిమ్ జులు టైమ్ బదులు అబ్సల్యూట్ టైమ్ తీసుకుంటే? అది తేదీతో సహా లెక్క, అర్ధరాత్రికి సున్నా కాదు.

బ్లాక్‌టైమ్

అర్ధరాత్రి సమస్య పోతుంది, స్లయిడర్ సమస్య పోదు. స్లయిడర్ జరిపితే అదీ జరుగుతుంది. తేదీ మార్చాడంటే ఇంకా పెద్ద దూకుడు.

నేనైతే మొదలూ చివరా పట్టుకుని తీసివేసే పద్ధతే వదిలేస్తా. లాగర్ ఎలాగూ సెకనుకోసారి సిమ్‌ని అడుగుతోంది. అడిగిన ప్రతిసారీ ముందు విలువకీ ఇప్పటి విలువకీ ఉన్న తేడాని కూడుతూ పోవాలి. తేడా మైనస్ అయితే ఆ ఒక్క ముక్క వదిలేయాలి. సిమ్ రేటుని బట్టి రావాల్సినదానికంటే బాగా ఎక్కువైనా వదిలేయాలి. 86,399 నుంచి 0కి దూకినప్పుడు పోయేది ఒక్క సెకను. స్లయిడర్ ముందుకు లాగినా వెనక్కి లాగినా పోయేదీ అంతే. సిమ్‌ని పాజ్ చేసి భోజనానికి వెళ్తే సిమ్ గడియారం కదలదు కాబట్టి కూడేది సున్నా. తేదీలతో పనే లేదు.

రిపోర్ట్‌లో బయల్దేరిన టైమ్, చేరిన టైమ్ మాత్రం కంప్యూటర్ గడియారం నుంచి యూటీసీలో, తేదీతో సహా పంపండి. అవి చూసుకోవడానికి. గంటలు ఈ కూడిక నుంచి.

గ్లైడ్‌స్లోప్

ఒక చిన్న చేర్పు. లాగర్ మధ్యలో క్రాష్ అయి మళ్లీ తెరిస్తే? ఆ కూడిక ఎక్కడో సేవ్ అవుతూ ఉండాలి, లేకపోతే సున్నా నుంచి మొదలవుతుంది. నిమిషానికోసారి ఫైల్లోకి రాసేస్తే చాలు.

పుష్‌బ్యాక్737

అయితే మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యడం వల్ల ఏం ఒరగదన్నమాట.

గ్లైడ్‌స్లోప్

లాగర్ సిమ్‌ని అసలు పట్టుకోనప్పుడు నీ చిట్కాలే మొదట చేయాలి. ఇది ఆ కేసు కాదు, అంతే.

నైట్‌ఫ్లయర్

ఇంతమంది ఇంత ఓపికగా చెప్పారు, అందరికీ థాంక్స్. కొత్త వెర్షన్ వచ్చేదాకా నేనేం చేయాలి? ఇప్పటికే పోయిన ఫ్లయిట్లు తిరిగొస్తాయా?

లాగ్‌బుక్_సిబ్బంది

సర్వర్‌లో అవి లేవు. 422 ఇచ్చినవాటిని మేం దాచుకోం. మీ దగ్గర ఫెయిలైన ఫైళ్లు ఉన్నాయన్నారు కాబట్టి మాన్యువల్ పైరెప్ ఫారం నింపి, ఒక్కోదానికీ దాని లాగ్ ఫైలు జతచేయండి. బ్లాక్ టైమ్ దగ్గర మైనస్ విలువకి 86,400 కలిపి వచ్చినదాన్ని గంటలూ నిమిషాల్లోకి మార్చి రాయండి. స్లయిడర్ ముట్టుకోలేదని ట్రాక్ చూస్తే మాకు తెలిసిపోతుంది, వేగం, దూరం కలుస్తాయి కదా. ఇంధనం కిలోల్లో రాయండి. మీ లాగ్‌లో పౌండ్లలో ఉంటే 2.2046తో భాగించాలి. ఈ ఒక్క కారణంతోనే నెలనెలా కొన్ని వెనక్కి పంపుతున్నాం. 6,000 కిలోలు కాల్చాల్సిన చోట 13,228 అని వస్తాయి.

అప్పటిదాకా కొత్త ఫ్లయిట్లు 00:00 జులు దాటకుండా చూసుకోండి. లేదా ఆల్టర్నేట్‌లా సిమ్‌లో మధ్యాహ్నం పెట్టుకుని ఎగరండి.

ఆల్టర్నేట్

నా పిరికితనం ఇన్నాళ్లకి సంస్థ విధానం అయింది.

లాగ్‌బుక్_సిబ్బంది

టెస్ట్ బిల్డ్ డౌన్‌లోడ్స్ పేజీలో పెట్టాను. బ్లాక్‌టైమ్ చెప్పిన కూడిక పద్ధతే, నిమిషానికోసారి ఫైల్లో రాయడంతో సహా. ల్యాండింగ్ రేటు కూడా సిమ్ టచ్‌డౌన్ విలువ నుంచే తీసుకుంటుంది. డేటాబేస్ టేబుల్ మార్చాను, టాక్సీవే_బి బొమ్మలు పెట్టుకోవచ్చు. ఎవరైనా 23:30 జులు ప్రాంతంలో బయల్దేరి, మధ్యలో లాగర్‌ని కావాలనే మూసి తెరిచి చూస్తారా?

నైట్‌ఫ్లయర్

చేశా. 23:34కి బ్రేక్ తీసి 01:21కి వేశా. రాత్రి 12 దాటాక టాస్క్ మేనేజర్ నుంచి లాగర్‌ని చంపి మళ్లీ తెరిచా. 1:46 పడింది. నిమిషం తగ్గింది, అది మూసి ఉన్నప్పటిదే అనుకుంటా. రిపోర్ట్ మొదటి నొక్కుకే వెళ్లింది.

క్రాస్‌విండ్

నేను స్లయిడర్‌ని ముందుకూ వెనక్కూ ఇష్టమొచ్చినట్టు లాగి చూశా. గంటా 12 ఎగిరితే గంటా 12 పడింది. ఒక్క అనుమానం. యాక్టివ్ పాజ్‌లో విమానాన్ని గాల్లో నిలబెట్టి అరగంట ఫోన్ మాట్లాడా, ఆ అరగంట కూడా కలిసిపోయింది. ఇది బగ్గా, ఇలాగే ఉంచారా?

బ్లాక్‌టైమ్

యాక్టివ్ పాజ్‌లో విమానం మాత్రమే ఆగుతుంది. గడియారం నడుస్తుంది, ఇంజిన్లు తిరుగుతూ ఇంధనం తాగుతూనే ఉంటాయి. కూడికకి అది మామూలు ఎగురుడులాగే కనిపిస్తుంది. సిమ్ పాజ్ ఈవెంట్‌లో యాక్టివ్ పాజ్‌కి వేరే ఫ్లాగ్ ఉంది, విలువ 4. లాగర్ దాన్ని వింటే ఆ సెకన్లు కలపకుండా వదిలేయొచ్చు.

లాగ్‌బుక్_సిబ్బంది

వదిలేస్తే మళ్లీ ఇంధనం లెక్క టైమ్‌కి కలవదు. ఈ వెర్షన్‌లో ఆ సెకన్లని టైమ్‌లో కలవనిస్తున్నా, లాగ్‌లో మాత్రం "యాక్టివ్ పాజ్ మొదలు, ముగింపు" అని రెండు లైన్లు పడతాయి. అరగంట దాటితే రిపోర్ట్ ఆటోమేటిక్‌గా కాకుండా మా చేతికి వస్తుంది. క్రాస్‌విండ్, మీ నిన్నటిది వచ్చింది. ఆ 4:35 ది కూడా వెతికి పట్టుకున్నా, 1:35కి సరిచేశాను.

క్రాస్‌విండ్

అయ్యో సార్, ఎవరూ చూడరనుకున్నా.